గంప ఇంటి గాలికన్ను కుట్టేసిన మునిరత్నమ్మ

పుంగనూరులో లారీలు నిలిపే చోట ఏ డ్రైవరునైనా మునిరత్నమ్మ కొట్టు ఎక్కడని అడిగితే చెయ్యి చూపిస్తాడు. చూపిస్తూనే, "పని రాయి మాదిరి ఉంటాది. నోటి దగ్గర మాత్రం జాగర్త," అని ఒక మాట చేరుస్తాడు. ఆమె లారీలకు టార్పాలిన్ పట్టలు కుడుతుంది. ముప్పై ఏండ్లుగా అదే పని. మొగుడు బతికున్నప్పుడు మిషను ఆయన తొక్కేవాడు, ఆమె గుడ్డ పట్టుకునేది. ఆయన పోయి నెల తిరక్కముందే మిషను మీద తనే కూర్చుంది. వీధిలో నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అన్నాయి. ఏ నోటికి సరిపడా జవాబు ఆ నోటికి ఇచ్చింది. తర్వాత ఎవరూ అనలేదు.

చదువు మూడో తరగతి. సంతకం పెడుతుంది, బస్సు బోర్డు కూడబలుక్కుంటుంది, టేపు మీద అంకెలు మాత్రం రెప్ప వేసేలోపల చదివేస్తుంది. పట్ట కుట్టడం అయ్యాక దాన్ని నాలుగు గుంజలకు కట్టి, నడుమ కుంటలాగా వంగేటట్టు వదిలి, పది బిందెల నీళ్లు పోయిస్తుంది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నం దాకా అట్లాగే నిలవాలి. దారిన పోయేవాళ్లను పిలిచి, "రాప్పా, కింద సెయ్యి పెట్టి సూడు. ఒక్క సుక్క తగిల్తే ఈ మిషను నీకే," అంటుంది. మిషను ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది.

అట్లాంటి మనిషి, పోయిన కార్తీకం నుంచి మదనపల్లె బస్సు ఎక్కడం మానుకుంది. మదనపల్లెలో దాసప్ప ఉన్నాడు. అతని ఎదుట పడడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

సంగతి మొదలయింది రూబెన్‌తో. రూబెన్‌కు ముప్పై దాటాయి. మదనపల్లెలో నర్సుగా చేసి దిగిపోయిన జ్ఞానమ్మ కొడుకు. కుప్పం పక్కన ఒక తోట గుత్తకు తీసుకుని, బెంగుళూరు నుంచి శని, ఆదివారాలు వచ్చి ఉండేవాళ్లకు బస కట్టాలనుకున్నాడు. ఒకరోజు మునిరత్నమ్మ కొట్టుకు వచ్చి ఫోనులో బొమ్మ చూపించాడు.

"అమ్మా, ఇది మంగోలియా దేశం గుడారం. యర్ట్ అంటారు."

ఆమె ఫోనును చేతికందినంత దూరం పెట్టి చూసింది. "ఇదేందప్పా, కోళ్లగంప బోర్లించినట్టుండాది."

"అందులోనే కాపురాలు చేస్తారమ్మా. పొయ్యీ అందులోనే, పడకా అందులోనే."

"గుండ్రం ఇంటికి ఈశాన్యం మూల యాడుండాది?"

"మాకు ఈశాన్యంతో పనిలేదులేమ్మా," అని నవ్వాడు రూబెన్.

"మీకి లేదు సరే, వానకి ఉండాది. కార్తీకంలో వాన ఆ మూల నుంచే కొడ్తాది. వాకిలి అటు పెట్టుకున్నావంటే నీ బెంగుళూరోళ్లు మంచాల మీద ఈదులాడాల."

రూబెన్ నవ్వు ఆపి నోటుపుస్తకం తీశాడు. అతనికి కావలసింది అదే. ఆ దేశంలో మంచు, చలి, పొడిగాలి. గొర్రెబొచ్చును అదిమి మందంగా చేసిన పట్టలే వాళ్ల ఇంటి గోడలు. ఇక్కడ ముసురు పట్టిందంటే వారం వదలదు. వానదేశంలో నిలవాలంటే గుడారాన్ని మార్చాలి. నేల మీద కాకుండా మోకాలెత్తు రాతి కూసాల మీద పలకలు పరిచి దాని మీద కట్టాలి. కప్పు వాలు పెంచాలి. కప్పు గుడ్డ గోడ గుడ్డ మీదికి మూరెడు వేలాడాలి. లోపల నూలు గుడ్డ, దాని మీద మన కంబళ్లు, అన్నిటి పైన మునిరత్నమ్మ పట్ట. మొదటి గుడారం ఒక వానాకాలం తట్టుకుంటే ఇంకా ఐదు కట్టాలని లెక్క. పేరు మటుకు ఆమె నోటి నుంచి వచ్చిందే నిలిచింది. తోటలో అందరూ దాన్ని గంప ఇల్లనే అన్నారు.

కొయ్యపనికి రూబెన్ తెచ్చినవాడు దాసప్ప. మదనపల్లెలో ఒకప్పుడు ఎడ్లబండి చక్రాలు చేసిన చెయ్యి. బండ్లు పోయాక టమోటా మార్కెట్టుకు కొయ్యపెట్టెలు కొట్టాడు. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చి అవీ పోయాయి. ఆ తర్వాత విరిగిన మంచాలకు కోళ్లు బిగిస్తూ, నిచ్చెనలు కడుతూ బతికాడు. గంప ఇంటి కప్పు నడిమిట్లో గుండ్రటి కొయ్య చట్రం ఒకటి ఉంటుంది. చుట్టూ ఉన్న వెదురు వాసాలన్నీ పైకి పోయి దాని చుట్టూ తొలిచిన బెజ్జాల్లో కూర్చుంటాయి. దాసప్ప ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "ఇది బండిచక్రమేనప్పా. ఆకులు లోపలికి కాకుండా బయటికి పోతాండాయి, అంతే," అన్నాడు. చక్రం పుల్లలను వాళ్లు ఆకులంటారు. ఇరవై ఏండ్ల తర్వాత మళ్లీ చక్రం చేయబోతున్నానని ఆ పూట ఇంట్లో భార్యకు రెండుసార్లు చెప్పాడట.

అతను మాట తక్కువ మనిషి. మునిరత్నమ్మకు అది పడదు.

"ఏం దాసప్పా, నోట్లో మేకులు పెట్టుకుని పనిసేసి సేసి, మాట వొచ్చే దారి మూసుకుపోయిందా?"

"నువ్వు మాట్లాడ్తాండావు కదక్కా. ఇద్దరికీ సరిపోతాది."

వెదురు బద్దలను అడ్డదిడ్డంగా పేర్చి, కలిసిన ప్రతిచోటా బెజ్జం వేసి తాడు ముడి వేశాడు. మడిస్తే కట్ట, సాగదీస్తే గోడ. ఆమె కూడా లోలోపల మెచ్చుకుంది. పైకి మాత్రం, "తడక బాగానే అల్లినావు, మేకల్ని దొడ్లో తోలుకోవచ్చు," అంది. అతను నవ్వాడు. వాళ్లిద్దరికీ పని కుదిరిందనే చెప్పాలి.

పేచీ వచ్చింది గాలికన్ను దగ్గర. చట్రం నడిమి బొక్కను రూబెన్ అట్లా పిలిచాడు. దాని మీద టోపీలాంటి గుడ్డ కప్పాలి. కానీ ఆ టోపీ కప్పును అంటుకోకూడదు. దాసప్ప చట్రం మీద నాలుగు కొయ్య దిమ్మెలు పెట్టాడు. టోపీ వాటి మీద జానెడు ఎత్తులో నిలబడుతుంది. లోపలి మనుషుల ఊపిరి, కాఫీ కాచే ఆవిరి ఆ సందులోంచి పోతాయి. టోపీ అంచు చుట్టూ కిందికి వేలాడుతుంది కాబట్టి వాన రాదు.

"కప్పుకి బొక్క పెట్టేదెందుకు, ఆ బొక్కకి టోపీ పెట్టేదెందుకు?" అంది మునిరత్నమ్మ. "బొక్కే లేకుంటే పోలా?"

"ఇల్లు ఊపిరి ఇడిసేదానికక్కా," అన్నాడు దాసప్ప.

"ఇల్లు ఇడిసేది తర్వాత. ముందు నువ్వు ఒక మాట నోరిడిసి సెప్పడం నేర్సుకో."

టోపీ కట్టే రోజున రూబెన్, దాసప్ప బోల్టుల కోసం కుప్పం పోయారు. తూర్పున మబ్బు నల్లగా లేచింది. మునిరత్నమ్మ ఒక్కతే నిచ్చెనెక్కి ఉంది. ఆ వయసులో నిచ్చెన ఎక్కడం ఆమెకు గొప్ప, కింద పనివాళ్లు చూస్తుంటే ఇంకా గొప్ప. జానెడు సందు ఆమె కళ్లకు గుమ్మమంత కనిపించింది. ఏటవాలు వానకు ఒక్క జల్లు లోపల పడితే దాసప్ప దిమ్మెలను ఎవరూ అనరు, మునిరత్నమ్మ గుడ్డ కారిందనే అంటారు. నాలుగు దిమ్మెలూ ఊడగొట్టి వెదురు తుక్కులోకి విసిరేసింది. టోపీని కిందికి లాగి, దబ్బనంతో, మైనం దారంతో, లారీ పట్టకు వేసే మడతకుట్టు చుట్టూ రెండు వరసలు వేసింది. పైన అంచు వేలాడుతోంది కాబట్టి కిందినుంచి చూస్తే ఏమీ తెలియదు. దిగి వచ్చి చేతులు కడుక్కుంది. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పేంత సంగతి కాదనుకుంది. వానకు ముందు వాళ్లందరినీ తనే కాపాడాననుకుంది.

కార్తీకంలో తుపాను ముసురు పట్టింది. గంప ఇంట్లో బెంగుళూరు నుంచి వచ్చిన ఆరుగురు ఉన్నారు. చలికి వాకిలి మూసుకుని, లోపలే కాఫీలు కాచుకుని, రెండు రోజులు బయటికి రాలేదు. మూడో పొద్దున కప్పు కారడం మొదలుపెట్టింది. పరుపులు తడిశాయి. కంబళ్లు తడిసిన గొర్రెల మంద వాసన కొట్టాయి. వెదురు బద్దల మీద నల్లటి బూజు లేచింది. వచ్చినవాళ్లు రూబెన్ మొహాన నాలుగు మాటలు అనేసి కార్లెక్కి పోయారు.

రూబెన్ ఫోను చేస్తే మునిరత్నమ్మ పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి వెళ్లింది. అక్కడ రూబెన్, అతని భార్య క్యాథరిన్, దాసప్ప, తోటపని చేసే రాజేశ్వరి, ఇంకో ముగ్గురు కూలీలు నిలబడి ఉన్నారు. ఆమె లోపల నిచ్చెన వేయించుకుని పైకెక్కి టోపీ అడుగున అరచెయ్యి పెట్టింది. కుట్టు బిగువుగా ఉంది, చుక్క కూడా దూరలేదు. గుడ్డ అడుగంతా మాత్రం నీటిబొట్లు, చెమట పట్టిన వీపు మాదిరి. వాన లోపలికి రాలేదు. లోపలి ఊపిరే పైకి పోయి, దారి లేక నీళ్లయి కిందికి కారింది. అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

కింద ఏడుగురు మొహాలెత్తి చూస్తున్నారు.

"గాలికన్ను సరిగానే ఉండాదామ్మా?" అడిగాడు రూబెన్.

"నేను కట్టినాక సరిగా లేకుండా యాడికి పోతాది?" అంది మునిరత్నమ్మ.

ఆ మాట నోరు దాటాక వెనక్కు రాలేదు. దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి కావలసివచ్చింది. దిగుతూనే వెదురు మీది బూజు గోటితో గీకి చూపించింది. "ఇది సూడప్పా. పచ్చి వెదురు. అమాస ముందర కొయ్యాల్సింది ఈ దాసప్ప యెన్నెల్లో కోస్కొచ్చినాడు. లోపలున్న నీళ్లన్నీ ఇప్పుడు కక్కతాండాది. నా గుడ్డ మీద నీళ్లు పోసి సూడండి, ఒక్క సుక్క దిగితే అడగండి."

దాసప్ప పైకి చూశాడు. "టోపీ దిమ్మెల మీదనే కట్టినావా అక్కా? కన్ను మూసుకుంటే లోపల నీళ్లు పడ్తాయి."

"మూస్తే నీళ్లు ఆగుతాయా, వస్తాయా? ఇన్నేండ్లు కొయ్య కొట్టి ఇది నేర్సినావా? రాజేశ్వరీ, ఇంటికి పొయ్యి మీ కప్పుకి బొక్క పొడిసి పెట్టుమే, దాసప్ప సెప్తాండాడు, నీళ్లు రావంట."

రాజేశ్వరి పడీపడీ నవ్వింది. కూలీలు నవ్వారు. క్యాథరిన్ కూడా నవ్వు బిగబట్టుకుని పక్కకు తిరిగింది. రూబెన్ తల వంచుకుని, మిగిలిన ఐదింటి సంగతి తర్వాత చూద్దాం, అప్పటిదాకా పని ఆపుదామని మెల్లగా చెప్పాడు. దాసప్ప బాడిసె, ఉలులు గోనెసంచిలో కట్టుకుని, వాననీళ్లలో కాలు చూసుకుని వేసుకుంటూ రోడ్డు దాకా నడిచిపోయాడు. మునిరత్నమ్మ ఆ వీపును చూడలేక కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది.

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించింది, నిద్ర పట్టింది, పని ఆగలేదు. ఏదీ ఆగకపోవడమే ఆమెకు సిగ్గుగా ఉండేది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే రాజేశ్వరి నవ్వు వినబడేది. ఆ నవ్వు పుట్టించింది తన నోరు.

పుష్యమాసంలో లోకేష్ అనే డ్రైవరు కొత్త పట్టకు కొలతలు ఇవ్వడానికి వచ్చాడు. మదనపల్లె నుంచి చెన్నైకి టమోటాలు తోలేవాడు.

"అమ్మా, ఎనకవైపు గాలి ఇడిసి కుట్టు. మొన్న వేరే సోట కుట్టిస్తే వాడు అన్ని దిక్కులా బిగించేసినాడు. లోపల టమోటాలకి సెమట పట్టి, చెన్నైలో దించేసరికి సగం పెట్టెలు కుళ్లిపాయె. టమోటా లోడుకి సిమెంటు పట్ట కుట్టినాడమ్మా. సిమెంటుకైతే గాలి దూరకూడదు, టమోటాకి గాలి ఆడాల. ఈ మాత్రం తెలీనోణ్ణి ఏమనాల సెప్పు?"

అంటూ లోకేష్ చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఇట్లాంటప్పుడు మునిరత్నమ్మ నోటి నుంచి ఏం రాలుతుందో విని, దారి పొడుగునా చెప్పి నవ్వుకోవడం డ్రైవర్లకు అలవాటు. ఆమె టేపు చుట్టుకుంటూ కూర్చుంది. టమోటా పట్ట వేరు, సిమెంటు పట్ట వేరు అని ఈ ఊళ్లో అందరికీ నేర్పింది ఆమే. నేర్పినది తను కట్టిన ఇంటిదగ్గరే మరిచిపోయింది. ఊపిరి పీల్చే ఆరుగురు మనుషులకు సిమెంటు పట్ట కుట్టింది. మరిచిపోవడం అటుంచి, తెలిసిన తర్వాత కూడా ఇంకొకడి మీద తోసింది.

"ఏంమా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు లోకేష్.

"సోమారం వొచ్చి తీస్కపో," అంది.

మర్నాడు మదనపల్లె బస్సెక్కింది. దాసప్ప ఇంటి వాకిట్లో అతని భార్య విజయమ్మ రాగులు చెరుగుతోంది. ఆమెను చూసి చేట ఆపలేదు.

"రా మునిరత్నమ్మా. అనేదానికి ఇంకేమన్నా మిగిలిందా? కూసోని అను, నిలబడితే కాళ్లు నొస్తాయి."

మునిరత్నమ్మ కూర్చోలేదు. ఆ మాటకు తిరుగుమాట పది రకాలుగా తట్టింది. ఒక్కటీ అనలేదు. గోడకు రెండో చట్రం సగం చెక్కి ఆనించి ఉంది. దాని బెజ్జాల్లో సాలెపురుగు గూడు పెట్టింది. దాసప్ప లోపలినుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"టోపీ నేను మూసి కుట్టినా," అంది ఆమె. "దిమ్మెలు తీసి పారేసినా. నీ వెదురు మంచిదే. ఆ పొద్దు నిచ్చెన మీదనే నాకి తెలిసిపాయె."

"తెలిసినాకనే అన్నావా?"

"తెలిసినాకనే."

విజయమ్మ చేట ఆగింది. దాసప్ప ఆమె కాళ్ల దిక్కు చూశాడు. "నాకి అప్పుడే అనుమానమే. నువ్వొచ్చి సెప్తే ఈ గోడకి తెలుస్తాది, ఇజయమ్మకి తెలుస్తాది. నువ్వు అన్నది ఆడ. ఆళ్లు నగింది ఆడ."

"నువ్వూ రా. పోదాం."

"నేను రాను. నేనొస్తే నేను లాక్కొచ్చినట్టుంటాది."

మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇచ్చినా ఆమె తాగలేకపోయేది.

అక్కడినుంచే కుప్పం పోయింది. వి.కోటలో బస్సు కోసం నిలబడినప్పుడు ఎదురుగా పుంగనూరు పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఒక కాలు ఎత్తి మెట్టు మీద పెట్టింది కూడా. "ఎక్కుతాండావా లేదా అమ్మా?" అని అతను కసిరితే కాలు దించింది. దాని వెనకే కుప్పం బస్సు వచ్చింది.

తోటలో రూబెన్ గంప ఇల్లు విప్పేయించే పనిలో ఉన్నాడు. గోడల కంబళ్లు అప్పటికే తీసి ఎండకు వేశారు, కప్పు ఇంకా విప్పలేదు. ఆమె క్యాథరిన్ దగ్గరికి పోయి, "అందర్నీ పిలువమ్మా. ఆ పొద్దు ఎవరెవరు ఉన్నారో అందర్నీ," అంది. పనివాళ్లు వచ్చారు. రాజేశ్వరి కొంగుకు మట్టి తుడుచుకుంటూ ముందు నిలబడింది.

మునిరత్నమ్మ నిచ్చెనెక్కి టోపీ అంచు పైకి మడిచి పట్టుకుంది. "సూడండి. ఇది గాలికన్ను. దీన్ని నేను కుట్టేసినా. దాసప్ప పెట్టిన దిమ్మెలు ఆ తుక్కులో పారేసినా. వాన భయానికి సేసినా. నీళ్లు కారింది అందుకే. ఆయప్ప వెదురు మంచిది, పని మంచిది. ఆ పొద్దు ఈ అడుగున సెయ్యి పెట్టి సూసి, అంతా తెలిసి, ఆయప్ప మీద ఏసినా."

బ్లేడు తీసి తన కుట్టు తనే కోసింది. రెండు వరసల మైనం దారం, అంత తేలిగ్గా తెగేది కాదు. చివరి కుట్టు తెగి టోపీ లేచినప్పుడు, లోపల మగ్గిన గాలి వెచ్చగా, బూజు వాసనతో ఆమె మొహానికి కొట్టింది.

"ఇది సెప్పేదానికి ఇంతదూరం వొచ్చినావా?" అంది రాజేశ్వరి. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"దీనికే."

రూబెన్ మొహం ఎర్రబడింది. "నేను నిచ్చెనెక్కి ఒకసారి చూసుంటే సరిపోయేదమ్మా. మీరు చెప్పారు కదా అని చూడలేదు. ఆయన్ని రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టాను."

"నువ్వు నమ్మినావు. నీ తప్పు అంతవరకే. మిగతాదంతా నాది." క్యాథరిన్ కింద నిచ్చెన పట్టుకుని దిగమంది.

రూబెన్ అక్కడే నిలబడి దాసప్పకు ఫోను చేశాడు. చాలాసేపు వింటూనే ఉన్నాడు. ఫోను పెట్టేసి, "గురువారం వస్తానన్నాడు. విప్పింది మళ్లీ కడతానన్నాడు. మీరూ ఉండాలంట," అన్నాడు.

గురువారం దాసప్ప కొత్త దిమ్మెలు చెక్కి తెచ్చాడు. ఆమె నిచ్చెన పట్టుకుంది, అతను ఎక్కి బిగించాడు. టోపీ మీద తాళ్లు వేసేటప్పుడు, "ఇటు," "ఇంకా," "సాలు," తప్ప వేరే మాట లేదు. మధ్యాహ్నం అతను ఒక చింతచెట్టు కింద, ఆమె ఇంకో చెట్టు కింద కూర్చుని ఎవరి సద్ది వాళ్లు తిన్నారు. రాజేశ్వరి నీళ్లు తెచ్చి ముందు దాసప్పకు ఇచ్చింది.

తిరుగు బస్సు ఇద్దరికీ ఒకటే. అతను ముందు సీటులో, ఆమె వెనక కూర్చున్నారు. పలమనేరులో బస్సు మారినప్పుడూ అంతే. పుంగనూరులో ఆమె దిగి, సంచి చంకలో పెట్టుకుని కిటికీ పక్కగా నడుస్తుంటే, లోపలినుంచి దాసప్ప, ఆమె వైపు తిరగకుండానే అన్నాడు.

"రెండోదానికి గుడ్డ మే నెల లోపల కావాల."

"సరే," అంది మునిరత్నమ్మ.

బస్సు కదిలి మదనపల్లె రోడ్డు పట్టింది.